సొంత నీళ్ళు లేని అల

సోమవారం పదకొండింటికి, ఒడ్డున విరగడానికి అనుమతి కావాలంటూ ఒక అల తీరపు అలల ఆఫీసుకు వచ్చింది. రోజూ వచ్చేవే కనుక ఎవరూ తలెత్తి చూడలేదు.

నీళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. లోపల పడవ లైసెన్సుల కోసం ముప్ఫైమంది వరసలో నిలబడి ఉంటే, అల వాళ్ళను అందుకుంది. చివరాయన జానెడు పైకి లేచి దిగాడు. ఆయన దిగుతుంటే ముందున్న చేపల పోలమ్మ లేచింది, ఆవిడ దిగుతుంటే ఆ ముందాయన. చూస్తుండగానే అల కౌంటరు దగ్గరికి వచ్చేసింది. ఎవరి చోట్లో వాళ్ళే ఉన్నారు కాబట్టి వరస తప్పిందని పోట్లాడే వీలు లేకపోయింది.

"ఓలమ్మా, బలేగుంది! మల్లీ రమ్మనండి బాబూ" అంది పోలమ్మ.

కౌంటర్లో నూకరత్నం. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ. ఖాళీ గడి ఉన్న దరఖాస్తు ఒక్కటి కూడా ఆమె చెయ్యి దాటి పోలేదు.

"సొంత నీళ్ళు ఎన్ని బిందెలు?"

"నీళ్ళు నావి కావండి. అవి ఎక్కడివక్కడే లేచి దిగుతాయి. ముందుకొచ్చేది నేనొక్కదాన్నే."

"మరి నువ్వెవరు?"

"ఆ లేవడం, దిగడమేనండి."

"ఈ గడి నిండాలి. అలా పక్కన ఆగు."

"ఆగితే నేనుండనండి" అని అల కౌంటరుకు తగిలి వెనక్కి మళ్ళింది. గోడ దాకా పోయి తిరిగొచ్చింది. జనం కేరింతలు కొట్టారు. కానీ రెండో విడత బెత్తెడే లేచారు. నాలుగో విడతకు మడమలు మాత్రమే కదిలాయి. నవ్వులూ సన్నబడ్డాయి. ఇంకొక్క విడత తిరిగితే అల ఉండదని నూకరత్నానికి తెలిసిపోయింది. రూలు పుస్తకాన్ని పక్కకు నెట్టి, గడిలో "సున్నా" అని వేసి, స్టాంపు గుద్ది, అల వైపు చెయ్యి చాపింది.

ఆమె కుర్చీ మీంచి వేలెడంత లేచింది. ఎన్నేళ్ళకో గట్టిగా నవ్వింది. పక్కనున్న అటెండరు లేచాడు, ఆ వెనక సూపరింటెండెంటు సన్యాసిరావు గారు లేచారు. అల ఆఫీసు వెనక గుమ్మంలోంచి సముద్రంలోకి దూకి, ఒడ్డుకు మళ్ళి, ఇసక మీద వేలెడెత్తున ఫెళ్ళున విరిగింది. వరసంతా చప్పట్లు కొట్టింది.

సన్యాసిరావు గారు రిజిస్టరు తెచ్చారు. "అల నీలోంచి వెళ్ళిందిగా అమ్మా. నీ దగ్గరేమైనా ఉండిపోతే ఆఫీసుకు అప్పగించాలి."

నూకరత్నం చేతులు చూసుకుంది, కుర్చీ చూసుకుంది, ఇరవై రెండేళ్ళూ ఒకసారి తడుముకుంది.

"ఏమీ లేదండి. నేనెక్కడున్నానో అక్కడే ఉన్నాను" అని హాయిగా సంతకం పెట్టి, తర్వాతి వాళ్ళను పిలిచింది.