ఊరికే నిలబడేవారి తొలగింపు గురించి

...కాబట్టి కిటికీలన్నీ ఒకే కొలతలో పెట్టడమే అసలు పొరపాటు, అది ఒప్పుకుని మళ్ళీ మొదటినుంచి ఆలోచించాలి అని, మూడో అంతస్తు సమావేశపు గదిలో, పొడవాటి బల్లకి గోడవైపు చివర కూర్చుని, ప్రపంచ రూపకర్త ఆలోచిస్తూ ఉండగానే, ఆదర్శ లోకంలో ఆకలిని రద్దు చేసిన తీర్మానాన్ని రద్దు చేస్తూ ఇంకో తీర్మానం ఆమోదం పొందింది. ఆయన గమనించలేదు.

ప్రపంచ రూపకర్త అనేది బిరుదు కాదు, ఉద్యోగం. మెడలో వేలాడే కార్డు మీద అలాగే రాసి ఉంటుంది. వేలమంది ఎవరిళ్ళల్లో వాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని, తలా ఒక వేషం వేసుకుని, ఒకే లోకంలో కలిసి తిరిగే ఆటలు తయారుచేస్తుంది ఆ సంస్థ. ఆ లోకంలో కొండలు ఎక్కడ ఉండాలి, మనుషులు ఎలా బతకాలి అన్నది ఊహించడం ఆయన పని. ఈసారి ఏ లోపమూ లేని ఆదర్శ లోకం కావాలని పైనుంచి ఆదేశం వచ్చింది. పరీక్షించి చూడటానికి మూడు వందల మంది ఆటగాళ్ళను ఎంపిక చేశారు.

ఇక సమావేశాల పద్ధతి. డైరెక్టరుగారు ప్రతిపాదన చదువుతారు. చదివాక పెన్ను మూతతో బల్ల మీద మూడుసార్లు తడతారు. ఈలోగా ఎవరూ నోరెత్తకపోతే ఏకగ్రీవం. మౌనం అర్ధాంగీకారమని లోకమంతా సరిపెట్టుకుంటున్న కాలంలో, ఆ సంస్థ మిగతా సగాన్నీ అందులోనే కలిపేసి ఎంతో సమయం ఆదా చేసింది.

రూపకర్తకు అభ్యంతరాలు లేక కాదు. ఆయన అభ్యంతరానికి మూడు తట్లు చాలవు. మొదటి తట్టుకి ఆశ్చర్యం, రెండో తట్టుకి నొచ్చుకోవడం, మూడో తట్టుకి గొంతు సవరించుకోవడం. ఆ తర్వాత లోపల గొప్ప ఉపన్యాసం మొదలవుతుంది. డైరెక్టరు ముఖం పాలిపోతుంది, సభ లేచి నిలబడుతుంది, చప్పట్లు కూడా వినిపిస్తాయి. మనసులో అన్న మాటకీ పైకి అన్న మాటకీ మధ్య గోడను ఆయన మనసు ఏనాడో పడగొట్టుకుంది. అందుచేత పదకొండేళ్ళలో తను ఒక్కసారీ నోరు విప్పలేదన్న సంగతి ఆయనకి తెలియదు. సంస్థలో తనంత ధైర్యస్తుడు లేడనే ఆయన నమ్మకం. ఇలాంటి ధైర్యస్తులు పాఠకుల్లోనూ ఉంటారు కనుక వివరించనక్కర్లేదు.

ఆయన ఊహించిన మొదటి నమూనాలో రాజు లేడు, ఆకలి లేదు. అందరికీ ఒకే కొలత ఇల్లు, ఎండ పడే ఒకే కొలత కిటికీ. రెండో రోజుకల్లా ఫిర్యాదులు వచ్చాయి. తన కిటికీ చిన్నదని ఎవరూ అనలేదు. పక్కింటి కిటికీ కూడా అంతే ఉందన్నదే బాధ. "మాది పెద్దది చెయ్యక్కర్లేదండీ, వాళ్ళది కాస్త తగ్గించండి చాలు," అని ఒక పళ్ళ డాక్టరు ఎంతో మర్యాదగా రాశారు. ప్రజాభీష్టాన్ని మన్నించి, ఎవరికి వారికి పక్కింటి కిటికీ మాత్రమే చిన్నదిగా కనిపించే ఏర్పాటు చేశారు. సమానత్వానికి భంగం లేకుండా అసమానతను సాధించిన తొలి లోకం ఇదేనని డైరెక్టరుగారు సిబ్బందిని అభినందించారు.

ఆ లోకంలో క్యూలు లేవు. దాంతో జనానికి దిక్కు తోచలేదు. ఒకరోజు ఎవరో ఒకాయన, ఇంట్లో ఫోన్ మోగితే వేషాన్ని ఒక ఖాళీ గోడ ముందు వదిలి లేచి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆయన వెనకాల నలభై ఇద్దరు నిలబడి ఉన్నారు. ముందేముందని ఎవరూ అడగలేదు. మధ్యలో దూరినవాణ్ణి మాత్రం తిట్టారు. సంస్థ వెంటనే ఆ గోడకి ఒక కంత పెట్టి, "రేపు రండి" అనే అధికారిని అందులో కూర్చోబెట్టింది. ఆటగాళ్ళు ఇంత సంతృప్తి మునుపెన్నడూ వ్యక్తం చేయలేదు. వారం తిరక్కుండానే అధికారికి తెలిసినవాళ్ళ కోసం పక్కదారి కూడా వేశారు. పక్కదారి మీద ఫిర్యాదులు తీసుకోవడానికి ఇంకో కంత పెట్టారు. దానికీ క్యూ ఏర్పడింది.

ప్రజలను రక్షించే వీరుడి వేషం కావాలని మూడు వందల మందీ కోరారు. రక్షింపబడటానికి ఒక్కరూ ముందుకు రాలేదు. యంత్రమే నడిపే గ్రామస్థులను సృష్టించి, వీరుడికి ఇద్దరు చొప్పున ఏడ్చేవాళ్ళను కేటాయించారు. అందరూ చంపవలసిన డ్రాగన్ ఒక్కటే కావడంతో అది ఆరు నిమిషాలకోసారి చచ్చి, మళ్ళీ విధుల్లో చేరుతోంది. ఇంతవరకూ ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఆ ఏడాది ఉత్తమ ఉద్యోగిగా దాని పేరునే ప్రతిపాదించారు.

ఇన్ని సంస్కరణల తర్వాత రూపకర్త ఊహలోంచి మిగిలింది ఒకే ఒక్కటి, పడవ. లోకం మధ్యలో నది ఉంది. దాని మీద వంతెన లేదు. ఎనిమిది మంది ఎక్కితేగానీ పడవ కదలదు. వీరుడైనా, పళ్ళ డాక్టరైనా, రేవులో నిలబడి మిగతావాళ్ళ కోసం చూడాల్సిందే. చూసినంతసేపూ మనుషులు ఏదో ఒకటి మాట్లాడుకోక మానరని ఆయన లెక్క. ఆ లెక్క నిజమే అయింది. రేవులో ఉన్నవాళ్ళు డ్రాగన్ ఊసే ఎత్తరు. నడుంనొప్పి, పిల్లల పరీక్షలు, వాన. ఈ మాటలను సంస్థ నివేదికలో 'ఆటతో సంబంధం లేని చప్పుడు' అని నమోదు చేశారు.

ఆ చప్పుడు మధ్య ఆయన అక్క ఉంది. ముప్పయ్యేళ్ళు బస్ స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో చెప్పిన మనిషి. రెండేళ్ళ కిందట గొంతుకు ఆపరేషన్ జరిగి, మాట గాలిలా మిగిలింది. చుట్టాలు ఆమెకు చెవుడు కూడా వచ్చినట్టే అరిచి మాట్లాడతారు, మెల్లమెల్లగా మాటలు తగ్గిస్తారు, తర్వాత అసలు మాట్లాడటమే మానేస్తారు. ఆ లోకంలో మాత్రం అందరూ రాతలోనే మాట్లాడతారు కాబట్టి, ఆమె గొంతు సంగతి ఎవరికీ తెలియదు. మూడు వందల మందిలో ఆమెను ఒకరిగా చేర్చింది తమ్ముడే. ఆమె రేవులో చేరింది, ఇక కదల్లేదు. "దయచేసి వినండి. పడవ బయలుదేరుటకు మరి ముగ్గురు కావలెను," అని రోజంతా పిలుస్తూ ఉంటుంది. ఆటగాళ్ళు ఆమెకు రేవక్క అని పేరు పెట్టారు.

"ఎప్పుడూ రేవులోనేనా అక్కా? కాస్త అవతలి ఒడ్డు కూడా చూడొచ్చు కదా," అని ఆ ఉదయమే ఆయన అన్నాడు.

"ఒడ్డెవడికి కావాలిరా," అంది ఆమె గాలిగొంతుతో. "నిన్న మనవాళ్ళు ఐదుసార్లు దాటారు తెలుసా?"

"మనవాళ్ళెవరు?"

"మనవాళ్ళేరా! ఆ లారీ డ్రైవరు, ఆ కవలపిల్లల తల్లి. నేను పిలవకపోతే పూట గడవదు వాళ్ళకి. మీ ఆఫీసువాళ్ళకి చెప్పు, రేవు బాగా కట్టారని."

చెబుతానన్నాడు.

"తర్వాతి అంశం," అన్నారు డైరెక్టరుగారు. "ఒకటి, నది మీద వంతెన. రెండు, ఏ పనీ లేకుండా పది నిమిషాలకు మించి ఒకే చోట నిలబడేవారిని లోకం నుంచి శాశ్వతంగా తొలగించుట. ఈ సాయంత్రం నాలుగింటి నుంచి అమలు."

రూపకర్త ఊహల్లోంచి ఉలిక్కిపడి బయటికొచ్చాడు.

"ఏం గురూ, మీ పడవ మునిగేలా ఉందే," అని పక్కనున్న డ్రాగన్ ఇన్‌ఛార్జి మోచేత్తో పొడిచాడు.

నివేదికలు చూసే మేడమ్ కాగితం తిప్పింది. "ఒకావిడ ఉందండీ, రెండు వందల పన్నెండు గంటలు రేవులోనే ఉంది. డ్రాగన్‌ని ఒక్కసారీ చంపలేదు."

"ఒక్కసారీ?" ఇన్‌ఛార్జి మనసు నొచ్చుకుంది.

"దాని ఒంటి మీద గీత కూడా పెట్టలేదండీ."

"మరి ఏం చేస్తుందమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

"అందర్నీ పిలుస్తుందండీ."

"మనం పెట్టిన మనిషా?"

"కాదండీ. ఊరికే."

ఊరికే అన్న మాట విని గదిలో అందరూ కుర్చీల్లో సర్దుకు కూర్చున్నారు. ఊరికే మనుషులను పిలిచే మనిషి ఒకరుంటే, రేపు ఇద్దరవుతారు. అలాంటి లోకాన్ని ఆదర్శంగా ఎవరు ఒప్పుకుంటారు?

పెన్ను మూత మొదటిసారి తట్టింది. పిలిచి పిలిచి, ఎవరూ లేని తెల్లటి తెర ముందు అక్క కూర్చుని ఉండటం ఆయనకి కనిపించింది. రెండోసారి తట్టింది. ఉపన్యాసం ఇంకా మొదలుకాకముందే, తన ప్రమేయం లేకుండా, ఆయన చెయ్యి లేచింది.

మూత గాల్లో ఆగిపోయింది. మినిట్స్ రాసే అతను ఈ సందర్భానికి ఏం రాయాలో తెలియక పెన్ను దించాడు.

"చెప్పండి, చెప్పండి!" అన్నారు డైరెక్టరుగారు. "పదకొండేళ్ళ తర్వాత మీ గొంతు వింటున్నాం. మొహమాటపడకండి."

ఐదు జతల కళ్ళు ఆయన మీద ఆగాయి. ఆమె మా అక్క అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. లోపలి సభలో అప్పటికే చప్పట్లు మోగుతున్నాయి.

"ఏసీ... కాస్త తగ్గిస్తారా అండీ?"

"అబ్బ, బతికించారు!" అంది మేడమ్. "ఎన్నాళ్ళనుంచో వణికి చస్తున్నానండీ."

"నేనూ లోపల స్వెట్టరు వేసుకునే వస్తున్నా గురూ," అన్నాడు ఇన్‌ఛార్జి.

ఏసీ తగ్గించే ప్రతిపాదన హర్షధ్వానాల మధ్య ఆమోదం పొందింది. ఎవరైనా, ఏ విషయమైనా నిర్భయంగా అడగగలగడమే తమ సంస్థ బలమని డైరెక్టరుగారు కొద్దిసేపు ప్రసంగించారు. తర్వాత మర్చిపోకుండా మూడో తట్టు తట్టారు. కాగితం మీద వంతెన వచ్చింది. ఊరికే నిలబడేవారు పోయారు.

నాలుగు కావడానికి పది నిమిషాలుంది. ఆటగాళ్ళలో ఒంటరితనం పెరుగుతోందన్న ఆందోళనకర నివేదిక మీద ఉపసంఘం వెయ్యాలని తర్వాతి అంశం. అధ్యక్షుడిగా, నోరున్న మనిషి కాబట్టి, ప్రపంచ రూపకర్త పేరు చదివారు. అందరూ ఆయనవైపు ప్రేమగా చూశారు.

బల్ల మీద ఆయన ఫోన్ వెలిగింది. అక్క దగ్గరనుంచి: "ఏడుగురయ్యారు. ఒక్కరే తక్కువ. ఖాళీగా ఉంటే ఐదు నిమిషాలు రారా."

ఆయన రెండుసార్లు చదివాడు. ఆ వెలుతురు సభకు ఇబ్బంది కలిగించకుండా, చప్పుడు కానివ్వకుండా, ఫోన్‌ని బోర్లించాడు.