గలగలమన్న కంప్యూటర్

మీరు నవ్వడం మొదలెట్టకముందే చెప్పేస్తున్నాను. ఆ కంప్యూటర్ మా ఇందు చదువు కోసమే కొన్నాను. ఇంట్లోనూ అదే మాట చెప్పాను, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. మార్చుకుందామన్నా కుదరకుండా చేశారు.

అసలు గొడవ ప్రపంచ కప్పుతో వచ్చింది. మా ఇంట్లో టీవీ ఒకటి, సీరియళ్ళు రెండు. మా అమ్మ సింహాచలమ్మదొకటి, మా ఆవిడ కృష్ణవేణిదొకటి. రెండూ సాయంత్రం ఒకే టైముకి, వేరే వేరే ఛానళ్ళలో. రోజు విడిచి రోజు చూసుకుందామని అత్తాకోడళ్ళు ఒప్పందం చేసుకున్నారు. ఆ ఒప్పందంలో నా పేరు లేదు. డే-నైట్ మ్యాచ్ కూడా సరిగ్గా ఆ వేళకే ఊపందుకుంటుంది.

ఇలాంటి కష్టంలో ఉండగా కాశీబుగ్గలో కంప్యూటర్లమ్మే ఎల్లాజీ నాకో దారి చూపించాడు. వాణ్ణి ఊళ్ళో మెగాబైట్ ఎల్లాజీ అంటారు. పెళ్ళిభోజనం ఎలా ఉందని అడిగినా మెగాబైట్లలోనే చెబుతాడు. కంప్యూటర్లో టీవీ కార్డని ఒకటి పెట్టి కేబుల్ వైరు తగిలిస్తే చాలు, అందులోనే టీవీ వస్తుందట.

ఆ రోజే భోజనాల దగ్గర మొదలెట్టాను.

"మన గుంట ఇందు డిగ్రీకొచ్చీసింది. కంప్యూటర్ కొనాల."

"ఎవలికి?" అంది కృష్ణవేణి.

"ఇందుకే. సదువుకి."

"మొన్న అప్పన్న అడిగితే మా పిల్ల ఇంటర్ అని సెప్పినావు. ఇయ్యాల డిగ్రీ అని గురుతొచ్చీసిందేటి?"

"తండ్రన్నాక ఆమాత్రం పట్టించుకోడా?"

ఆవిడ ఇంకో గరిటె పులుసు వేసి, "సరే బావా, కొందాం" అంది. కృష్ణవేణి నా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి ఒక్క మాటకే ఒప్పుకుందంటే నేను అప్పుడే భయపడాల్సింది.

షాపులో ఎల్లాజీ రెండు డబ్బాలు చూపించాడు. ఒకటి చిన్నది, నల్లది. రెండోది ముందువైపు నీలం లైట్లతో ఊరేగింపు రథంలా ఉంది. ధర రెంటికీ ఇంచుమించు ఒకటే. వాడు మెగాబైట్లు చెప్పుకుపోతుంటే కృష్ణవేణి మధ్యలో ఆపింది.

"అయన్నీ నాకెందుకు బాబూ. పాడైతే ఎవలొత్తారు? ఎన్నాళ్ళకొత్తారు? మన ఊరి కరెంటుకి తట్టుకుంటాదేటి?"

"ఈ నల్లదైతే ఏ పార్టు పోయినా ఇక్కడే దొరుకుతాదండి. నేనే వచ్చి ఏసేత్తాను. పిల్ల సదువుకి, ఉత్తరం టైపు కొట్టుకోడానికి ఇది సాలు."

"అయితే ఇదే."

నాకు ఒళ్ళు మండింది. మీకు తెలియందేముంది, నేను జీడిపిక్కల వ్యాపారిని. పలాసలో దిగే ఏ బస్తాలోంచైనా గుప్పెడు పిక్కలు తీసి చెవి దగ్గర ఆడించి సరుకు చెప్పగలను. గలగలమంటే బాగా ఎండిన పిక్క. నోరు మెదపకపోతే పచ్చిది, పనికిరాదు. ఆడించకుండా నేను ఇంతవరకూ దేన్నీ కొనలేదు, పెళ్ళి తప్ప.

నల్ల డబ్బా ఎత్తి చెవి దగ్గర ఆడించాను. చప్పుడు లేదు.

"పచ్చి సరుకు" అన్నాను.

ఎల్లాజీ గుండె పట్టుకున్నాడు. "బాబూ, అది కొబ్బరికాయ కాదండి!"

రథం ఎత్తి ఆడించాను. గలగలమంది. ఆహా, ఎంత చక్కటి చప్పుడు!

"ఇదీ సరుకంటే."

"లోపలేదో స్క్రూ ఊడినట్టుందండి. తీసేత్తానుండండి."

"ముట్టుకోకు! ఆ సౌండుకే కొంటన్నాను."

కృష్ణవేణి ముందుగా బయటికి నడిచింది. బయటికొచ్చాక నేను తువ్వాలు మర్చిపోయానని వెనక్కెళ్ళి, టీవీ కార్డు కూడా పెట్టమని ఎల్లాజీ చెవిలో చెప్పి డబ్బులిచ్చాను. "ఇంట్లో సెప్పకు" అని ఒట్టేయించుకున్నాను. నేను రాగానే కృష్ణవేణి, మౌసు కింద వేసే గుడ్డ అడగడం మరిచానంటూ తను లోపలికెళ్ళింది. పాపం, గుడ్డ గురించి కూడా ఆలోచించిందే అని ముచ్చటపడ్డాను.

మర్నాడు ఎల్లాజీ డబ్బాని ఆటోలో తెచ్చి లోపలి గదిలో పెట్టి వైర్లన్నీ తగిలించాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వచ్చాక స్విచ్ వేసుకోండని చెప్పి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మనవాళ్ళ మ్యాచ్. కరెంటొచ్చింది. హాల్లో ఆ రోజు వంతు కృష్ణవేణిది, సీరియల్ మంచి రసపట్టులో ఉంది. నేను ఇందుని పిలిచి, "రామ్మా, కంప్యూటర్ నేర్పుతాను" అన్నాను.

"నీకొచ్చేటి నాన్నా?"

"సూత్తా ఉండు."

స్విచ్ వేశాను. టప్పుమంది. డబ్బాలోంచి పొగ, ఆ వెంటనే ఇల్లంతా చీకటి. హాల్లోంచి కృష్ణవేణి కేక, వంటింట్లోంచి మా అమ్మ కేక, ఏదో గిన్నె దొర్లిన చప్పుడు. వీధిలో అన్ని ఇళ్ళలోనూ దీపాలున్నాయి. పక్కింటి టీవీలో ఎవరో సిక్సు కొట్టినట్టున్నారు, చప్పట్లు వినబడ్డాయి. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

పొద్దున్నే ఎల్లాజీ వచ్చి అందరి ముందూ డబ్బా విప్పాడు. రెండు వేళ్ళతో స్క్రూ బయటికి తీశాడు.

"ఇదేనండి ఎక్కడో తగులుకుంది. ముట్టుకోవద్దన్నారు కదా, జాగర్తగా అందులోనే ఉంచినాను. మదర్‌బోర్డు పోయింది. టీవీ కార్డులు బాగానే ఉన్నాయి, రెండూను."

'రెండూను' అన్న ముక్క నా చెవికి కాస్త ఆలస్యంగా చేరింది.

"ఒకటి నాను పెట్టించినాను" అంది కృష్ణవేణి. "అత్త ఇంక రోజూ సీరియల్ సూసుకుంటాదని, సెప్పకుండా పెట్టిద్దామనుకున్నాను. రెండోది ఎవలిది?"

మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. "నా కోడలు బంగారమే!"

నాది అనాలంటే ఎందుకో చెప్పాలి. ఇందు ఎదురుగా నిలబడి నా మొహమే చూస్తోంది.

"నాకేటి తెలుసు? ఎల్లాజీయే పొరపాట్న పెట్టీసుంటాడు" అన్నాను.

ఎల్లాజీ నన్ను చూశాడు, కృష్ణవేణిని చూశాడు. ఇద్దరికీ ఒట్టేసిన మనిషి. "అవునండి, నాదే పొరపాటు" అని ఒక కార్డు పీకి జేబులో వేసుకున్నాడు. నా కళ్ళముందే నా ప్రపంచ కప్పు వాడి జేబులోకి వెళ్ళిపోయింది.

"ఆ నల్లది పట్టుకొచ్చి, ఈ కార్డు అందులో పెట్టీ బాబూ" అంది కృష్ణవేణి.

ఆ పచ్చి సరుకు ఈనాటివరకూ ఒక్కరోజు మొరాయించలేదు. పగలు ఇందు చదువుకుంటుంది, సాయంత్రం మా అమ్మ సీరియల్. హాల్లో టీవీ పూర్తిగా మా ఆవిడదైపోయింది. నేను స్కోరడిగితే, "పిల్ల సదువుకని కొన్న దాంట్లో మ్యాచులేటి బావా?" అంటుంది.

అంతటితో అయిందా? మా అమ్మకి మౌసు పట్టుకోవడం రాదు. "ఒరే పోలారావూ, ఆ ఎలకని నువ్వే పట్టుకో" అని రోజూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటుంది.

సెమీఫైనల్ రోజు సీరియల్ నడుస్తుండగా, ఇక్కడున్న ఈ అప్పన్నే గుమ్మం దగ్గర నిలబడి పిలిచాడు. "మావా! బడ్డీకొట్టుకాడ టీవీ పెట్టినారు. మనోలు బేటింగ్ మొదలెట్టీసినారు, రా!"

నేను లేవలేదు. "ఉండరా, వత్తాను. ఆ పెద్దకోడలు పాలల్లో ఏటి కలిపినాదో సూసి వత్తాను" అన్నాను.