రెండు ఫోల్డర్లు, ఒక మామ

ఆ ఉదయం బాలరాజు వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. ఉప్పల్‌లో తాను పనిచేసే ఫ్లెక్సీల షాపులో పది గంటలకల్లా పని ముగించుకుని, బోడుప్పల్‌లో మామ మొగిలయ్య అరవయ్యో పుట్టినరోజు విందుకు చేరుకోవాలి. పెళ్లయి మూడేళ్లయినా మామ దృష్టిలో అతడింకా "బొమ్మలు అతికేటోడే". ఈ ఒక్కరోజైనా ఆయనతో శభాష్ అనిపించుకోవాలి. అంతే.

ఆ షాపులో ఫొటోలకు పేర్లుండవు, వరసలుంటాయి. తెచ్చినవాళ్లు ఎలా పిలిస్తే అలా అన్న, బావ, మామ అని దాచేస్తారు; ప్రింటప్పుడు ఫ్లెక్సీలోకి ఆ పేరున్న ఫొటోయే వచ్చి కూర్చుంటుంది. పుట్టినరోజులది ఒక ఫోల్డరు, మొగిలయ్య ఫొటోను బాలరాజు 'మామ' అని దాచింది అందులోనే. శ్రద్ధాంజలులది ఇంకొకటి. రెండూ ఒకచోట చేర్చమని యజమానురాలు విక్టోరియా హుకుం. చేత్తో చేస్తే పొద్దుపోతుందని బాలరాజు ఏఐని అడిగాడు. నల్లతెర మీద కొట్టాల్సిన కమాండ్ ఇచ్చి, అది మర్యాదగా చెప్పింది: "రెండింటిలోనూ 'మామ' పేరుతో ఫొటో ఉంది. కలిపితే ఒకటే మిగులుతుంది. ముందు కాపీ తీసిపెట్టుకోండి."

కమాండ్ కనిపించాక కింది మాటలు చదివే ఓపిక ఎవరికుంటుంది? బాలరాజు దాన్ని అతికించి ఎంటర్ నొక్కాడు. ఆ తర్వాత, నిన్న చనిపోయిన ఆటో డ్రైవరు శ్రద్ధాంజలి ఫ్లెక్సీని తెరిచైనా చూడకుండా ప్రింటుకు పంపాడు. స్టాండులో అందరికీ ఆయన మామే కాబట్టి దాని మీద పేరు కూడా లేదు. "మామా, ఇగ మాకు దిక్కెవరు?" అని మాత్రం ఉంది. కట్టేవాళ్లు తీసుకెళ్లి బోడుప్పల్ చౌరస్తాలో కట్టేశారు.

పదిన్నరకు భార్య మానస ఫోన్ చేసింది.

"ఏందయ్యా గీ పని! మా నాయిన బొమ్మకు దండేసి చౌరస్తల కట్టిన్రు!"

"ఎవడు జేసిండో ఏమో..."

"కింద మీ షాపు నంబరే ఉంది!"

బాలరాజు పరుగున వెళ్లేసరికి మామ ఇంటిముందు జాతర. ఆయనతో ఆరేళ్లుగా మాటల్లేని చెల్లెలు సాలమ్మ అన్నోజిగూడ నుంచి శోకాలు పెడుతూ దిగింది. గడపలో టీ తాగుతున్న అన్నను చూసి "సచ్చినోడా, బతికే ఉన్నవా!" అని రెండు దెబ్బలేసి, ఆ చేతులతోనే వాటేసుకుంది. నాచారం ఫ్యాక్టరీలో పాతికేళ్లు కలిసి పనిచేసి, తర్వాత ఫోనైనా చేయని స్నేహితులు దండలతో వచ్చారు. తెచ్చినవి వృథా ఎందుకని ఆయన మెడలోనే వేశారు.

"మామా, కాళ్లు మొక్కుత. ఇప్పుడే పోయి పీకేస్త," అన్నాడు బాలరాజు.

మొగిలయ్య కళ్లు తుడుచుకున్నాడు. "జర ఆగు. నా పుట్టినరోజుకు ఎన్నడన్న గింతమంది అచ్చిన్రా? ఆటోవాళ్లకు మాఫీ అడిగి, వాళ్ల మామది ఇంకోటి కొట్టియ్యి. నాది మాత్రం ఉండనియ్. మా పెద్దన్న ఇంక రాలే. శభాష్‌రా అల్లుడా!"

సాయంత్రం దాకా అందరూ ఎదురుచూశారు. పెద్దన్న రాలేదు గానీ కబురు పంపాడు: దశదినకర్మకు తప్పకుండా వస్తాడట.