పాలవాగు గూడెం అంగుళ విజయం

ఎనుమాముల మార్కెట్ యార్డు నుండి వెడలిన మిరపఘాటు ఓరుగల్లు నగరవీథులన్నిటా దిగ్విజయయాత్ర సలుపుతూ, రాజని చూడక, బంట్రోతని చూడక సకలజనులనూ సమానంగా తుమ్మిస్తున్న ఫాల్గుణ మాసాన, సాయంకాలం నాలుగు గంటల పది నిమిషాల వేళ, ‘మన గూడెం - మన పాలన’ అనే చిరిగిన ఫ్లెక్సీ విజయధ్వజమై రెపరెపలాడే ఒకానొక కార్యాలయంలో, రెండో అంతస్తులో, మూడో కిటికీ ముందు ఈసం చిలుకమ్మ నిలిచింది.

అడవి అంచు గూడెం నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఆ వీరనారి చేత ఖడ్గం లేదు. ప్లాస్టిక్ కవరులో ఒక తీర్మానం ఉంది. మా వాగులో ఇసుక తవ్వనీయమని దాని సారాంశం. గూడెం మాటే చెల్లుతుందని పైవారు ఎన్ని సభలలో ఘోషించలేదు! అయితే ఆ చెల్లే మాట ముప్ఫై రోజుల్లో ఫైలుకెక్కాలనీ, ఎక్కకుంటే గూడెం ఒప్పుకున్నట్టేననీ నోటీసు అడుగున చీమతలకాయలంత అక్షరాల్లో ఉంది. ఆనాడు ముప్ఫయ్యో రోజు. ఐదింటికి కిటికీ మూస్తారు. తెల్లవారితే లారీలు వాగులో దిగుతాయి.

కిటికీకి ఆవల చక్రాల కుర్చీ అనే రథమెక్కి, రబ్బరు ముద్రాయుధుడు, అభ్యంతర శరవర్ష విశారదుడు, క్లర్కు కృష్ణమోహన్ కొలువుదీరి ఉన్నాడు. కాగితం అందుకుని నిటారుగా చూశాడు, అడ్డంగా చూశాడు, తలకిందులుగా చూశాడు.

పాలవాగు గూడెంలో వేలిముద్రలు వరుసగా వేయరు. ముందు వేసినవాడు పెద్ద, వెనక వేసినవాడు చిన్న అన్న తగువు రాకుండా, నడుమ మాట రాసి, నాలుగంచుల వెంబడి చుట్టూ వేస్తారు. ఆ కాగితానికి నలభై ఏడు వేళ్లు కాపలా ఉన్నాయి. ఖాళీ అంచు లేదు.

మొదటి సంతకందారు పేరు చెబితే ‘ఫలానా మరియు ఇతరులు’ అని రిజిస్టరులో రాస్తానన్నాడు కృష్ణమోహన్.

“మా గూడెంల ఇతరులు ఎవ్వలు లేరు సారూ,” అంది చిలుకమ్మ.

ఆ బాణపు దెబ్బకు పళ్లు కొరుకుతూ ‘గూడెం’ అని రాసి, ముద్రలు లెక్కపెట్టి, కోరానికి కావలసింది సరిగ్గా నలభై ఏడనీ, ఒక్కటి తగ్గినా తీర్మానం చెల్లదనీ హెచ్చరించి, అప్పుడా మహావీరుడు సొరుగులోంచి పంచింగ్ మిషన్ తీశాడు. ఫైలన్నది రంధ్రద్వయం లేనిదే నిలువదనీ, రంధ్రం ఎడమ అంచునే పడాలనీ, రంధ్రం పడ్డ వేలిముద్ర లెక్కలోకి రాదనీ గంభీరంగా ఉపన్యసించి, ఆ ఉక్కుకోరల నడుమకు కాగితాన్ని తోశాడు.

ఎడమ అంచున ఒక కోర కిందికి వచ్చింది గూడెం ముసలమ్మ రాజవ్వ బొటనవేలి ముద్ర. ఆమె పోయి పదిరోజులైంది.

చిలుకమ్మ కిటికీలోంచి చెయ్యి దూర్చి కాగితం మీద అరచెయ్యి పరిచింది. “గుచ్చితే నా చెయ్యి గుచ్చు సారూ. ఇంకోపాలి ముద్ర ఏపిద్దమంటే ఆ ముసల్ది లేదు.”

“రూలమ్మా, నేనేం జెయ్య?”

వెనక బెంచీ మీద కూర్చున్న గూడెం పెద్ద కట్టయ్య టిఫిన్ డబ్బా మూత పెడుతూ నెమ్మదిగా అన్నాడు. “రాజ్యం మాకే ఇచ్చిండ్రట బిడ్డా. బొక్క పొడిచెతందుకు జాగ మాత్రం ఇయ్యలే.”

గోడ గడియారంలో ఐదుకు పది తక్కువ. క్లర్కు చూపు కిటికీ తలుపు మీదికి పోయింది. చిలుకమ్మ చూపు డబ్బా మీదికి పోయింది.

“మామా, మెతుకులు మిగిలినయా?”

అడుగున నాలుగున్నాయి. కొంగుముడి విప్పి, పొద్దున రెండు బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితమని కండక్టర్లు ఇచ్చిన రెండు జీరో టికెట్లు తీసింది. వాటిని మడతపెట్టి, మెతుకులు మెదిపి, కాగితం ఎడమ అంచుకు వెనకవైపు, అంగుళం మేర బయటికి వచ్చేటట్టు అంటించింది. నోటితో ఊది ఆరబెట్టింది.

“ఇగ పొడువు సారూ. ఆ జాగ సర్కారుదే.”

బస్సు టికెట్లను పొడవరాదనే నిబంధన కోసం కృష్ణమోహన్ మనసులోని జీవోలన్నీ గాలించాడు. దొరకలేదు. ఐదుకు రెండు నిమిషాల ముందు ‘కట్’మని ఒక్క శబ్దం, ఆ వెంటనే ముద్ర.

మెట్లు దిగుతూ కట్టయ్య అడిగాడు, గెలిచినట్టేనా అని.

“గెలిచినం మామా. అంగుళం.”

కావున సకలజనులూ ఆలకింతురు గాక! కొండలూ కోనలూ వాగులూ వంకలూ గూడెం జనులవేనని వేదికలెక్కి ఆ జనులచేతనే చప్పట్లు కొట్టించుకున్న మహారాజ్యంలో, పాలవాగు గూడెం స్వపరిపాలన రెండు రంధ్రాల మీద నిలిచెననీ, గెలుచుకున్న భూభాగం వెడల్పు ఒక్క అంగుళమనీ, దాని మీద అచ్చయిన విలువ సున్నా రూపాయలనీ, తిరుగు బస్సులో దొరికిన మూడో టికెట్టును చిలుకమ్మ పారవేయక కొంగున గట్టిగా ముడివేసుకొనెననీ తెలియునది.