చీటీ పీకరాదు

మా ఊళ్లో ఇక ఎవరికీ ఏ ప్రమాదమూ లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ప్రతి వస్తువు మీదా హెచ్చరిక చీటీ అతికించేశారు. దువ్వెన, దిండు, చెప్పులు, మంచినీళ్ల సీసా, అన్నిటికీ ఒకటే చీటీ: "ఇందులో హానికర రసాయనం ఉండవచ్చు. జాగ్రత్త." ఏ రసాయనమో, ఎలా జాగ్రత్తపడాలో చెప్పి మన బుర్ర పాడుచేయరు. అడుగున చిన్నక్షరాల్లో "ఈ చీటీ పీకుట నేరం" అని మాత్రం ఉంటుంది.

ఇదంతా మా వకీలుగారి చలవ. బకెట్లో రసాయనం ఉందని ముందుగా హెచ్చరించలేదని ఆయన ఒక బకెట్ల కంపెనీని కోర్టుకీడ్చి గెలిచారు. మిగతా కంపెనీలు హడలిపోయాయి. రసాయనాలు తీసేయడం శ్రమతో కూడిన పని గనుక చీటీలు అచ్చువేయించాయి.

నా చదువు ఎనిమిదితోనే ఆగినా, అచ్చులో ఉన్నదాన్ని గౌరవించడం తెలుసు. అందుకే మా పాప మూతి చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచి, పాలు పట్టబోతే గుక్కపట్టి ఏడ్చినప్పుడు, ఇంట్లో సామానంతా నేల మీద పరుచుకుని చదివాను. అన్నీ హాని చేసేవే. దోషి మాత్రం తేలలేదు.

"ఇరవై నాలుగ్గంటలూ దాని నోట్లో ఆ గిలక్కాయే కదే!" అన్నారు అత్తయ్య.

గిలక్కాయ పట్టుకుని కొట్టుకు పరిగెత్తాను.

"ఇందులో ఏముందండీ?"

"చీటీ ఉందిగా తల్లీ."

"చీటీ సరే, లోపల?"

"లోపల గింజలుంటాయి. చీటీ లేని సరుకు మాత్రం ముట్టుకోకమ్మా, అంతా దొంగ సరుకు!" అన్నాడు కొట్టతను. పెద్దమనిషి, మన మేలు కోరి చెబుతాడు.

డాక్టరమ్మ పాపను చూసింది, గిలక్కాయను చూసింది, ఆ తర్వాత నన్ను చాలాసేపు చూసింది.

"ప్లాస్టిక్ బాగానే ఉందమ్మా. పాప నాకుతున్నది చీటీని. ఆ జిగురు పడలేదు. పీకి పారెయ్."

"అమ్మో, నేరమటండీ!"

"ఎవరన్నారు?"

"చీటీయే అంది."

గిలక్కాయ లాక్కుంటే పాప దువ్వెన అందుకుంటుంది. దానికీ అదే జిగురు. పీకడానికి అనుమతి ఇప్పించమని వకీలుగారి కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఏమిటీ! జిగురు గురించి నీకొక్క మాటైనా చెప్పలేదా? పసిపెదవులకు తెలుసుకునే హక్కు లేదా? ఈ అన్యాయాన్ని నేను సహించను!"

సహించలేదు. కేసు గెలిచారు, దండలు వేయించుకున్నారు. పీకే అనుమతి సంగతి ఆ సంబరంలో ఎవరికీ గుర్తురాలేదు. ఇప్పుడు ప్రతి చీటీ కిందా ఇంకో చీటీ ఉంటోంది: "పై చీటీ జిగురు హానికరం కావచ్చు. జాగ్రత్త." దాన్నీ ఆ జిగురుతోనే అతికించారు. దాన్ని పీకినా నేరమే.

పాప దద్దుర్లు గడ్డం దాకా దిగాయి. కంపెనీకి ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడారు. మొదటిసారి తప్పు వాళ్లదేనట. ఈసారి ముందే చెప్పారు గనుక నాదట.

మా వీధి ఆడవాళ్లూ అదే మాట. "చదవడం వచ్చుండి కూడా బిడ్డ చేతికి ఎలా ఇచ్చావే తల్లీ!" అని బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ల చంకల్లోని పిల్లలు తమ తమ చీటీలు నాకుతూ నావైపు జాలిగా చూశారు.