వాగు గట్టుకు చీర

ఒక పెద్ద అడవిలో, ఒంటిమీద నూలుపోగైనా లేని జంతువుల మధ్య, ఒకసారి బట్టల గురించి పెద్ద హడావుడి జరిగింది.

దానికి మూలం ఒక కొంగ. చలికాలం గడపడానికి యూరప్ నుంచి వచ్చిన కొంగ. వచ్చినది చేపలు తిని ఊరుకోక, సింహం కొలువులో ఉపన్యాసం ఇచ్చింది.

"మా వైపు ఇప్పుడు కట్టుకోవడానికే బట్ట నెయ్యరు మహారాజా. గాయానికి చుట్టడానికి, బాట కింద పరచడానికి, గట్టు జారకుండా కప్పడానికి కూడా నేస్తారు. టెక్నికల్ టెక్స్‌టైల్స్ అంటారు వాటిని. ఒక దేశంలో దారం తీసేవాళ్ళ క్లస్టర్, ఇంకో దేశంలో నేసేవాళ్ళ క్లస్టర్. అందరూ చేతులు కలిపి కొత్త కొత్తవి కనిపెడుతున్నారు."

"క్లస్టర్ అంటే?" అన్నాడు సింహం.

"ఒకచోట చేరి ఒకే రకం పని చేసేవాళ్ళ గుంపు."

"గుంపులు మనకీ ఉన్నాయిగా!"

ఏదో ఒక పదవి కోసం ఏళ్ళ తరబడి కాచుకున్న నక్క జంబుకేశ్వర్రావు చటుక్కున లేచాడు. "గుంపులు ఉన్నాయి మహారాజా. అవి ఇంకా క్లస్టర్లు కాలేదు. ఒక అధికారిని వేస్తే అవుతాయి."

"కట్టుకోని బట్ట మనకెందుకయ్యా?"

"మనం ఎలాగూ కట్టుకోం కదా మహారాజా! మనకోసమే పుట్టిన బట్ట అది."

సింహం తల పంకించాడు. ఇంతలో వెనక వరుసలోంచి కుందేలు కుందనమ్మ గొంతు వినిపించింది.

"ప్రభూ, గట్టు జారకుండా కప్పే బట్ట అన్నారే, అదొక్కటి చేయించండి చాలు. ఏటా వానలకి వాగు మా గట్టుని కోసుకుపోతోంది. పోయినేడు నా బొరియ కూలింది. ఇద్దరు పిల్లల్ని నోట కరుచుకుని బయటపడ్డాను. మూడోదాని కోసం వెనక్కి వెళ్ళేసరికి అక్కడ బొరియే లేదు."

సింహం నిటారుగా కూర్చున్నాడు. "తొలకరిలోపు ఆ గట్టుకి బట్ట కప్పాలి. జంబుకేశ్వర్రావూ, నువ్వే సమన్వయాధికారివి."

జంబుకేశ్వర్రావుకి ఆ రోజు అన్నం సయించలేదు. పదవి దొరికిన ఆనందంతో కడుపు నిండిపోయింది.

ఆ అడవిలో పోగుతో పనిచేసేవాళ్ళవి మూడు పేటలు. గుట్ట కింద సాలెపురుగులు. వాళ్ళ పెద్ద పోగులమ్మ. ఎనిమిది కాళ్ళు, తొమ్మిదో కాలంత పొడుగు నాలుక. వాగు పక్కన తుమ్మచెట్ల మీద గిజిగాళ్ళు. వాళ్ళలో పేరున్నవాడు నారయ్య. గడ్డితో వాడు అల్లిన గూళ్ళని అడవంతా మెచ్చుకునేది, వాడి భార్య తప్ప. ఆవిడ వచ్చి చూసి ముక్కు విరిస్తే, ఆ గూడు వదిలేసి ఇంకోటి మొదలుపెట్టేవాడు. ఇక మద్దిచెట్ల మీద పట్టుపురుగులు. వాళ్ళ సంఘానికి అధ్యక్షుడు పట్టాభి. తోటివాళ్ళంతా గూళ్ళు కట్టుకుని, రెక్కలొచ్చి ఎగిరిపోయినా, సంఘం పనులు ఉన్నాయంటూ తను మాత్రం పురుగుగానే ఉండిపోయాడు.

జంబుకేశ్వర్రావు మొదట మూడు పేటల్లోనూ 'క్లస్టర్' అని బోర్డులు పాతించాడు. తర్వాత తనిఖీకి బయల్దేరాడు. గుట్ట దగ్గరికి వెళ్ళేసరికి నారయ్య పోగులమ్మ గూట్లోంచి ముక్కుతో నాలుగు పోగులు లాక్కుంటున్నాడు.

"ఏయ్! పట్టపగలు దొంగతనమా?"

"దొంగతనమేంటి బాబూ, ఆవిడే ఇస్తోంది. గూడు మూతి బిగించడానికి."

"అవును, నేనే ఇస్తున్నా" అంది పోగులమ్మ. "మా అమ్మ వీడి నాన్నకి ఇచ్చింది. వీడి గూటి కింద ఈగలు బాగా ముసురుతాయి. నేను అక్కడ వల కట్టుకుంటాను. పట్టాభి దగ్గర మిగిలిన పీచు కూడా వీడి పిల్లల పక్కలోకే పోతుంది."

"ఏ ఒప్పందం ప్రకారం?"

"ఇరుగుపొరుగుకి ఒప్పందమేంటయ్యా?"

జంబుకేశ్వర్రావు ముఖం గంభీరమైపోయింది. "అదే తప్పు. మీరు చేస్తున్నది సహకారం కాదమ్మా, చనువు. చనువుతో నవకల్పన జరగదు. ఉమ్మడి ఒప్పందం తయారయ్యేదాకా ఒకరి పోగు ఇంకొకరు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అడవి బహిష్కారం."

"సహకారం పెంచడానికి వచ్చి, ఉన్నది ఆపేస్తున్నారే?" అన్నాడు నారయ్య.

"పునాది తవ్వేటప్పుడు పాత గోడ కొట్టెయ్యాలి కదా!" అని జంబుకేశ్వర్రావు తోక ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

సమావేశాలు మొదలయ్యాయి. చల్లగాలి తగులుతుందని పందిరి సరిగ్గా వాగు గట్టు అంచునే వేయించుకున్నాడు అధికారి.

మొదటి సమావేశం ఒప్పందంలో ఎవరి పేరు ముందుండాలన్న దాని మీదే అయిపోయింది. కాళ్ళ సంఖ్యను బట్టి తన పేరే ముందుండాలంది పోగులమ్మ. రెక్కలున్నది తనొక్కడికే కదా అన్నాడు నారయ్య. పట్టు అన్న మాటలోనే పట్టు ఉందన్నాడు పట్టాభి. తర్వాతి సమావేశంలో 'పోగు' అంటే ఏమిటో నిర్వచించడం మొదలుపెట్టారు. ఎండలు ముదిరాయి గానీ నిర్వచనం తేలలేదు.

కుందనమ్మ రోజూ వచ్చి పందిరి బయట నిలబడేది. "అయ్యా, గట్టు సంగతి?"

"కార్యక్రమంలో ఉందమ్మా, చిట్టచివర ఉంది. వరస తప్పకూడదు."

మధ్యాహ్నం కాగానే భోజన విరామం. కుందనమ్మే దుంపలు ఉడకబెట్టి, ఈత పళ్ళు, తేనె తెచ్చి పెట్టేది. అలాగైనా వాళ్ళు తన గట్టు గురించి మాట్లాడతారని ఆశ. జంబుకేశ్వర్రావు అందరికంటే ముందు తిని, అందరికంటే ఎక్కువ తిని, పందిట్లోనే నడుం వాల్చేవాడు. ఆయన గురక వింటే వాగు కూడా నెమ్మదించేది.

అలాంటి ఒక మధ్యాహ్నం ముగ్గురూ పందిరి వెనక నీడలో కూలబడ్డారు.

"నీ ముఖం అలా వాడిపోయిందేంట్రా?" అంది పోగులమ్మ.

"నీ పోగు లేక గూడు మూతి ఊడింది. మా ఆవిడ పుట్టింటికి పోయింది" అన్నాడు నారయ్య.

కుందనమ్మ విస్తళ్ళు తీస్తూ, "మీరంతా ఒకసారి ఇలా వస్తారా?" అని గట్టు కిందికి తీసుకెళ్ళింది. మట్టిలో చెయ్యి పట్టేంత బీట. ఆ బీట పక్కనే కొత్త బొరియ.

"ఇక్కడెందుకు తవ్వావమ్మా?" అన్నాడు పట్టాభి.

"ఎక్కడ తవ్వను? మిగతాదంతా రాయి. నాకు ఇంక ఎన్నో రోజులు లేవు." కుందనమ్మ కడుపు మీద చెయ్యి వేసుకుంది.

పోగులమ్మ ఒక కాలు ఆ బీటలోకి పెట్టి లోతు చూసింది. "ఇంకొకరి పోగు ముట్టుకోకూడదన్నాడు గానీ, నా వల నేనెక్కడ కట్టుకోవాలో చెప్పలేదు. నేను ఈ గట్టు మీద కట్టుకుంటా."

"నా గూడు గుండ్రంగానే ఉండాలని నాకూ ఎవరూ చెప్పలేదు" అన్నాడు నారయ్య. "చాపలా అల్లుకుంటా. నా ఇష్టం."

ఇద్దరూ పట్టాభి వైపు చూశారు.

"సంఘంలో తీర్మానం పెట్టాలి" అన్నాడు పట్టాభి. కుందనమ్మ ఒక ఈత పండు తీసి ఆయన ముందు పెట్టి వెళ్ళిపోయింది. పట్టాభి ఆ పండు తినలేకపోయాడు. "సరే, తీర్మానం తర్వాత చూద్దాం. నా పోగు నా నోట్లోంచి ఎక్కడ రాలితే నాకేం!" అన్నాడు.

తీరా పని మొదలుపెడితే మొదటి చాప నాలుగు రోజులు కూడా నిలవలేదు. పోగులమ్మ వల గాలికొచ్చిన ఎండుటాకులన్నిటినీ అంటించుకుని బరువెక్కి తెగిపోయింది. చాప జర్రున వాగులోకి జారింది.

"నీ గడ్డి బండ గడ్డి!"

"నీ పోగు ఈగలకి సరిపోద్ది, గట్టుకి కాదు!"

గొడవ పెద్దదైంది. మధ్యలో పట్టాభి రాజీ చెయ్యబోయి ఇద్దరిచేతా తిట్లు తిన్నాడు. కానీ మర్నాడు విరామంలో పోగులమ్మే ముందుగా వచ్చి కూర్చుంది. "ఇలా చూద్దామా? బరువు గడ్డి మొయ్యాలి. పట్టుపోగు లాగి కట్టాలి. నా పోగు ముడుల దగ్గర అంటుకుంటే చాలు."

ఈసారి చాప నిలిచింది. మిగతా సాలెపురుగులు, గిజిగాళ్ళు, పట్టుపురుగులు కూడా విందు ఉందన్న నెపంతో రావడం మొదలుపెట్టాయి. జనం పెరిగారు, పని పెరిగింది. ఒకరోజు పోగులమ్మ ముఖం చిట్లించింది.

"ఒరే నారయ్యా, గడ్డికి గింజలు దులపకుండానే అల్లేస్తున్నావేంట్రా బద్ధకంగా?"

"దులుపుతూ కూర్చుంటే విరామం అయిపోద్ది అక్కా!"

ఆ బద్ధకమే వాళ్ళకి కలిసొచ్చింది. వేసవి జల్లు ఒకటి పడగానే చాపలోని గింజలు మొలిచాయి. వేళ్ళు అల్లిక సందుల్లోంచి దూరి మట్టిని గుప్పిట పట్టినట్టు పట్టుకున్నాయి. గట్టు ఆకుపచ్చ చీర కట్టుకుంది. ముగ్గురూ దాన్ని లాగి చూశారు, కదల్లేదు. పోగులమ్మ కూడా వంక పెట్టలేదంటే చూడండి!

అప్పట్నుంచి సమావేశాల మీద ముగ్గురికీ ఎక్కడలేని మక్కువ పుట్టుకొచ్చింది. "ఇంకో సమావేశం పెడదాం సార్, నిర్వచనం ఇంకా తేలలేదు" అనేవాళ్ళు. "ఇంకో రెండు దుంపలు వేసుకోండి సార్" అని కొసరి కొసరి వడ్డించేవాళ్ళు. సభ్యుల ఉత్సాహం చూసి జంబుకేశ్వర్రావు కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత మూతలు పడ్డాయి.

గట్టంతా అల్లడం అయింది, ఒక్క పందిరి కింద తప్ప. అక్కడ పనిచేస్తే అధికారి నిద్ర లేస్తాడు.

తొలకరి వచ్చేసింది. ఒప్పందం మీద సంతకాలకి సింహమే స్వయంగా విచ్చేశాడు. జంబుకేశ్వర్రావు స్వాగతోపన్యాసం మొదలుపెట్టగానే కొండల మీద వాన అందుకుంది. వాగు పొంగింది. ఆయన 'ఈ శుభసందర్భంలో' అన్న మాట దాటకముందే పందిరి కింద మట్టి జరజరా జారింది. సింహం ఒక్క గెంతులో వెనక్కి దూకాడు. చేతిలో ఉపన్యాసం ఉన్నందువల్ల జంబుకేశ్వర్రావు దూకలేకపోయాడు.

పందిరితో సహా వాగులో పడేవాడే. చివరి క్షణంలో కాలికి ఏదో తగిలితే రెండు చేతులా పట్టుకున్నాడు. ఉపన్యాసం ఏటిపాలైంది. కింద ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. తను వేలాడుతున్నది పక్క గట్టుకి కప్పిన గడ్డీ, పట్టూ, సాలెపోగూ కలిపిన అల్లికకి.

పైనుంచి మూడు తలలు తొంగిచూశాయి.

"ఇదేమిటి?" అని అరిచాడు జంబుకేశ్వర్రావు. "దీనికి అనుమతి ఉందా?"

"లేదు సార్" అంది పోగులమ్మ వినయంగా. "విప్పెయ్యమంటారా?"

"వద్దు! వద్దు తల్లీ! అనుమతి ఇచ్చేశాను! నిన్నటి తేదీతో ఇచ్చేశాను!"

అందరూ కలిసి ఆయన్ని పైకి లాగారు.

వాన తెరిపిచ్చాక చూస్తే, పందిరి ఉన్న చోట పెద్ద గొయ్యి. మిగతా గట్టు చెక్కుచెదరలేదు. కుందనమ్మ బొరియలోంచి బయటికొచ్చింది. ఆమె వెనకాలే కళ్ళు సగం తెరిచిన పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. కుందనమ్మ వాటిని ముక్కుతో ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. చివరిదాని దగ్గర ఆగిపోయి, కూర్చుండిపోయి, ఏడ్చింది. ఈసారి ఒక్కటీ తగ్గలేదు.

సింహం అల్లికని పంజాతో గీకి చూశాడు. "ఎవరు చేశారిది?"

"మన ఉమ్మడి పథకం ఫలితమే మహారాజా!" అన్నాడు జంబుకేశ్వర్రావు, ఒళ్ళంతా బురదతోనే.

నారయ్య నోరు తెరవబోయాడు. పోగులమ్మ ఒక కాలితో వాడి ముక్కు మూసింది. "నిజమే మహారాజా. అధికారిగారు లేకపోతే మేం ముగ్గురం ఇన్నాళ్ళు ఒకచోట కూర్చునేవాళ్ళమే కాదు. పైగా రోజూ కళ్ళు మూసుకుని మమ్మల్ని నమ్మారు."

సింహం ఉప్పొంగిపోయాడు. అడవిలోని వాగుల గట్లన్నిటికీ ఈ అల్లికే వెయ్యాలన్నాడు. జంబుకేశ్వర్రావుకి పెద్ద పదవి ఇచ్చి, ఇకమీదట వారానికి రెండు సమావేశాలు జరపాలని ఆజ్ఞాపించాడు.

"వానకి తడవకుండా గుహలో జరుపుకోండి సార్, మెత్తటి పరుపు మేం అల్లిపెడతాం" అన్నాడు పట్టాభి.

నీతి: నలుగురూ చేతులు కలిపి పని చెయ్యాలంటే పైన ఒక అధికారి ఉండి తీరాలి; ఆయనకి మధ్యాహ్నం పూట నిద్ర బాగా పట్టాలి.