నాలుగు వందలు అడ్డం, ఆరు వందలు నిలువు

సూరత్‌లోని మా నేత సమాజం వధూవరుల పరిచయ పుస్తకం అచ్చు వేయాలని తీర్మానించి, ఆ భారం నాకు అప్పగించిన నాటికి నా చేతిలో ఉన్నవి: నూట ఎనభై ఆరు ఫోటోలు, ఒక కంప్యూటరు, రెండు రోజుల గడువు. ఫోటోల్లో నూట ముప్పై ఒకటి నిలువువి, యాభై ఐదు అడ్డంవి.

నేను చీరల వ్యాపారిని. రోజూ మూడు వందల చీరల ఫోటోలను కంప్యూటరులో ఒక్క నొక్కుతో ఒకే కొలతకు తెచ్చి గిరాకీలకు వాట్సాప్‌లో పంపుతాను. పిక్సెళ్ల లెక్కలో నాలుగు వందలు అడ్డం, ఆరు వందలు నిలువు. ఫోటో ఆకారం చెడకుండా చూడమంటారా అని అడిగే చిన్న గడి ఒకటి అందులో ఉంటుంది. చీరలకు అక్కరలేదని పదేళ్ల కిందటే అందులో టిక్కు తీసేశాను. చీరలన్నీ నిలువుగానే వేలాడతాయి కనుక ఇంతవరకు ఏ చీరా ఫిర్యాదు చేయలేదు. మనుషులకూ అదే కొలత పెట్టాను. చాయ్ చల్లారేలోగా పని ముగిసింది.

నిలువు ఫోటోల వాళ్లు ఉన్న రూపంతోనే వచ్చారు. అడ్డం ఫోటోల వాళ్లు రెండు పక్కలా నొక్కుకుపోయి పైకి సాగారు. మన కుర్రాళ్లు అడ్డం ఫోటో ఎందుకు దిగుతారో మీకు తెలుసు. బండి మొత్తం కనబడాలి. చక్రాలు కోడిగుడ్ల ఆకారంలో వచ్చాయి కానీ, పిల్లవాడిని చూసే తొందరలో చక్రాలను ఎవరూ చూడలేదు. ఫోను పక్కకు తిప్పి పట్టుకున్న పాపానికి ఒక అబ్బాయి పడుకొని అచ్చయ్యాడు. నెమ్మదస్తుడని అతనికి మూడు సంబంధాలు వచ్చాయి.

ఆవిష్కరణ సభలో అధ్యక్షులు పరమేశ్వర్ గారు పుస్తకం పైకెత్తి చూపారు. "మన పిల్లలు ఎవరికీ తక్కువ కాదని ఇన్నేండ్లు మైకుల చెప్పుకుంట వచ్చిన. ఇయ్యాల సబూతు నా చేతుల ఉన్నది" అన్నారు. చప్పట్లు మోగాయి. నాకు శాలువా కప్పారు.

డిండోలిలో ఉండే మగ్గం కార్మికుడు లింగమూర్తి కూతురు జమున ఫోటో కూడా అడ్డంగా దిగినదే. ఆమె జాకెట్లు కుట్టే మిషన్ మొత్తం కనబడాలి కదా. పొట్టిదని ఆమెను అప్పటికి నాలుగు ఇళ్లవాళ్లు వద్దన్నారు. ఈ పుస్తకంతోనూ కుదరకపోతే నలభై రెండేళ్ల రెండో పెళ్లివాడికి ఇస్తానని లింగమూర్తి మాట ఇచ్చి ఉన్నాడు. పుస్తకం వచ్చిన వారానికే ఏడు సంబంధాలు ఆరా తీశాయి. మొదట వచ్చింది సూరత్‌లోనే ఉన్ అనే పేట నుంచి వజ్రమ్మ, ఆమె కొడుకు ప్రణయ్. పుస్తకం నాది కనుక నన్నూ కూర్చోబెట్టారు.

వజ్రమ్మ జమునను చూసింది, పుస్తకం చూసింది, నన్ను చూసింది.

"ఏందన్నా, పుస్తకంల అంత పొడుగున్నది, ఇంట్ల గింతే ఉన్నది?"

జమున తల్లి భూదేవి ఊరుకోలేదు. "మీ పిలగాడు మాత్రం ఏమున్నడు వదినా? ఫోటోల చూసి దర్వాజ తగుల్తదేమో అని భయపడ్డం."

కంప్యూటరులో కొలత తప్పిందని నేను ఒప్పుకున్నాను. వజ్రమ్మ నమ్మలేదు. "కంప్యూటర్ ఎందుకు గల్తీ చేస్తదన్నా? మనుషులే తగ్గుంటరు."

లింగమూర్తి తల దించుకున్నాడు. రెండో పెళ్లివాడి ఫోన్ నంబరు అతని జేబులోనే ఉంది. జమున చాయ్ పళ్లెం కింద పెట్టింది.

"అత్తా, ఫోటోల ఇద్దరం ఒక్క తీరుగ సాగినం. ఇంట్ల ఇద్దరం ఒక్క తీరుగ తగ్గినం. నడుమ ఫరక్ ఏమొచ్చింది?"

"సహీ బాత్ హై అమ్మా" అన్నాడు ప్రణయ్ తల్లితో, నవ్వు ఆపుకుంటూ. "నువ్వు గూడ నా అంతే ఉంటవు గదా."

వజ్రమ్మ ఇద్దరినీ గోడకు నిలబెట్టి చూసింది. ఆ తర్వాత చాయ్ అందుకుంది.

మనసొప్పక నేను ఆ గడిలో టిక్కు పెట్టి, అందరినీ అసలు రూపంలో చూపే పుస్తకాలు రెండు వందలు మళ్లీ వేయించాను. పాతది తెచ్చి కొత్తది తీసుకెళ్లమని చాటింపు వేశాను. మార్పిడికి ఒక్కరు తప్ప ఎవరూ రాలేదు. నిలువుగా దిగినవాళ్ల తల్లిదండ్రులు మాత్రం సంతకాలు పెట్టిన అర్జీతో వచ్చారు. అడ్డంగా దిగినవాళ్లను సాగదీసి తమ పిల్లలను అలాగే వదిలేయడం పక్షపాతమన్నారు. కమిటీ విచారించి న్యాయం చేసింది. వచ్చే ఏడాది నుంచి అడ్డం ఫోటోలు మాత్రమే స్వీకరింపబడును.

ఇక మిగిలిన లెక్క. లాభం: ఒక పెళ్లి, ఒక శాలువా. కొత్త పుస్తకాలు రెండు వందల్లో ఒకటి జమున తీసుకెళ్లింది. నూట తొంభై తొమ్మిది దుకాణంలో ఉన్నాయి. ఉచితం. నిన్న ఫోన్ చేసిన పెద్దమనిషి వాటిలో నాలుగు కావాలన్నాడు. సంతోషపడి, మీ ఇంట్లో ఎవరికండీ అని అడిగాను. తన ఇంటికి కాదట. తన తరఫున నాలుగు సంబంధాలు చూడబోయే నలుగురు చుట్టాలు ఆ ఇళ్లలో పిల్లల అసలు కొలతలు సరిచూసుకోవడానికట. తన కొడుకు ఉన్న పేజీ మాత్రం చింపి ఇమ్మన్నాడు.